బకెట్టు, గడియారం, ఒక ఊట

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా నందిగాంలో మన యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కొండ దిగి ఇంత దూరం వచ్చారు. మందస వైపు నుంచి, మెళియాపుట్టి వైపు నుంచి కూడా వచ్చారని ఇప్పుడే చెప్పారు. వానలో వచ్చారు, సంతోషం.

నాకు ఈ మాటలు చెప్పే పని ఎలా పడిందో ముందు చెప్తాను. పోయిన నెలలో ఇంటర్ రెండో ఏడాది చదివే చెల్లి ఒకామె ఫోన్ చేసింది. "అన్నా, నువ్వు చదివింది ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగంట కదా, అంటే మొక్కలు నాటడమా?" అని అడిగింది. నేను నవ్వాను. తరువాత ఆలోచిస్తే నవ్వవలసిన మాట కాదనిపించింది. నేను బీటెక్‌లో చేరే రోజున నాకూ అంతకు మించి తెలీదు. మా అయ్యకి ఇప్పటికీ తెలీదు. ఎవరైనా అడిగితే "నీళ్ళ ఇంజినీరు" అంటాడు. అదీ తప్పేం కాదు.

ఆ చెల్లికి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను.

మాది కొండవారన నలభై గడపల గూడ. పైనున్న కొండలో ఒక ఊట ఉంది. చిన్నప్పటి నుంచి తాగింది ఆ నీళ్ళే. మా తాత "ఇది ఎండదు" అనేవాడు. నిజమే, ఎండలేదు. కానీ వేసవిలో మా అమ్మ రాత్రి రెండింటికి లేచి బిందె పట్టుకుని వెళ్ళేది. ఎందుకంత పొద్దున అని నేనెప్పుడూ అడగలేదు. అమ్మలు అలాగే లేస్తారనుకున్నాను.

మొదటి ఏడాది సెలవులకి ఇంటికి వచ్చాను. కాలేజీలో అప్పుడే నీటి ప్రవాహం కొలవడం నేర్పించారు. దానికి ల్యాబులో ఇత్తడి పలకలు, గొట్టాలు, గాజు మీటర్లు ఉన్నాయి. అవేవీ లేకపోయినా కొలవొచ్చని మాస్టారు ఒకరు చెప్పారు. బకెట్టు పెట్టు, నిండడానికి ఎంతసేపు పట్టిందో చూడు, అంతే. నేను ఇరవై లీటర్ల బకెట్టు పట్టుకెళ్ళి ఊట దగ్గర వెదురు గొట్టం కింద పెట్టాను. అది మే నెల. నిండడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే.

ఇప్పుడు మీరూ లెక్క కట్టండి. నాలుగు నిమిషాలకి ఇరవై లీటర్లంటే నిమిషానికి ఐదు లీటర్లు. రోజుకి 7,200 లీటర్లు. మా గూడలో మనుషులు 180 మంది. తలకి 40 లీటర్లు. ప్రభుత్వం జల్ జీవన్ మిషన్‌లో మనిషికి రోజుకి 55 లీటర్లు అని పెట్టుకుంది. అంటే మే నెలలో మా ఊట ఆ లెక్క అందుకోలేదు. సరే, అదొకటి.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. మా బిందె పదిహేను లీటర్లు పడుతుంది. నిమిషానికి ఐదు లీటర్లంటే బిందె నిండడానికి మూడు నిమిషాలు. ఇంటికి నాలుగు బిందెలు అనుకుంటే నలభై ఇళ్ళకి 160 బిందెలు. 160 మూళ్ళు 480 నిమిషాలు. ఎనిమిది గంటలు! అందరూ పొద్దున్నే నీళ్ళు కావాలంటే ఎవరో ఒకరు రాత్రి రెండింటికి వరసలో నిలబడాలి. మా అమ్మ నిద్ర ఎక్కడికి పోయిందో నాకు ఆ కాగితం మీద కనిపించింది. పంతొమ్మిదేళ్ళకి కనిపించింది.

మళ్ళీ అక్టోబరులో వచ్చినప్పుడు కొలిచాను. అదే బకెట్టు యాభై సెకన్లలో నిండిపోయింది. రోజుకి 34,560 లీటర్లు, మనిషికి 190 పైనే. ఊట ఒకటే, ఊరు ఒకటే. మే నెలకీ అక్టోబరుకీ మధ్య దాదాపు ఐదు రెట్ల తేడా ఉంది. "ఊట ఎండదు" అన్న తాత మాట నిజమే, "నీళ్ళు చాలవు" అన్న అమ్మ మాటా నిజమే. ఈ రెండు నిజాల మధ్య ఉన్న అంకె ఎవరి దగ్గరా లేదు. నేను చదివిన చదువు ఆ అంకెని పట్టుకోవడం, పట్టుకున్నాక దాంతో ఏం చెయ్యాలో ఆలోచించడం. చెల్లీ, నీ ప్రశ్నకి జవాబు ఇదే. మొక్కలు కూడా వస్తాయి, వాటి సంగతి తరువాత చెప్తాను.

రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా పది గంటలు. ఆ పది గంటల్లో ఊట నుంచి 3,000 లీటర్లు వస్తాయి. వరసలో మనిషి లేనప్పుడల్లా ఆ నీళ్ళు గెడ్డలో కలిసిపోతాయి. అక్కడ 3,000 లీటర్ల తొట్టె ఒకటి కట్టి, కింద రెండు కుళాయిలు పెడితే తెల్లారేసరికి రెండు వందల బిందెల నీళ్ళు సిద్ధంగా ఉంటాయి. కావలసింది 160. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కొండ వాలు ఉంది, చాలు. ఆ తొట్టె కట్టడానికి మాకు నాలుగేళ్ళు పట్టింది. సిమెంటు కోసం, గొడవల కోసం, "మన తాతల కాలం నుంచి లేనిది ఇప్పుడెందుకు" అన్నవాళ్ళని ఒప్పించడం కోసం. ఇప్పుడు మా అమ్మ ఐదింటికి లేస్తోంది. అలవాటు పోక కొన్నాళ్ళు రెండింటికే లేచి కూర్చునేదట.

కరెంటు అక్కర్లేదన్నాను కదా, దాని విలువ మీలో చాలామందికి తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు ఎలా పడిపోయాయో చెప్పనక్కర్లేదు. స్తంభాలు విరిగి రోజుల తరబడి కరెంటు లేదు. బోరు ఉన్న ఊళ్ళో నీళ్ళు నేలలోనే ఉన్నాయి, పైకి తెచ్చే దారి లేదు. మా గూడలో ఊట నీళ్ళు మట్టిరంగులో వచ్చాయి, బట్టలో వడగట్టి కాచుకుని తాగాం. కానీ ఆగలేదు. నేనప్పుడు రెండో ఏడాది. హాస్టల్ నుంచి ఇంటికి చేరడానికి రెండు రోజులు పట్టింది. పంప్‌సెట్టు మీద పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. పంప్‌సెట్టు లేకుండా నీళ్ళు వచ్చే పద్ధతి మీద మాత్రం ఆ పేపర్లో ప్రశ్నే లేదు.

చదువు గురించి అందంగా చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. మొదటి ఏడాది గణితం నేను తప్పాను. ద్రవాల పాఠం కూడా ఒకసారి తప్పాను. గురుకులంలో తెలుగు మీడియంలో చదివి వచ్చిన నాకు మాస్టారు చెప్పేది సగం చెవిన పడి సగం జారిపోయేది. ఇంట్లో సవర, బళ్ళో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. ప్రతి మాటా రెండు మెట్లు ఎక్కి రావాలి. మీరు తప్పితే మళ్ళీ రాయండి. రెండోసారి రాసేటప్పుడు గదిలో ఒంటరిగా కూర్చోకండి, పక్కవాడితో కలిసి లెక్కలు చెయ్యండి. నేను ఒంటరిగా కూర్చుని ఒక సెమిస్టరు పోగొట్టుకున్నాను. సిగ్గుతో.

ఏం చదువుతామంటే గణితం, రసాయనం, నేల, ద్రవాలు, వాన లెక్కలు, సూక్ష్మజీవులు, మురుగునీటి శుద్ధి, చెత్త, గాలి కాలుష్యం, పటాలు గీసే కంప్యూటరు పని, చట్టాలు. ఇవన్నీ ఒక్కొక్కటీ వివరిస్తే వంట చల్లారిపోతుంది. ఒక్కటి మాత్రం చెప్తాను, ఎందుకంటే అది వినగానే నాకు ఈ చదువు మీద ఇష్టం పుట్టింది.

నీళ్ళలో మురికి ఎంతుందో కొలవడానికి బీఓడీ అని ఒక పరీక్ష ఉంది. నీళ్ళలోని సూక్ష్మజీవులు ఆ మురికిని తింటూ ఎంత ప్రాణవాయువు వాడుకుంటాయో చూస్తారు. నీళ్ళ నమూనాని సీసాలో మూసి చీకట్లో ఉంచుతారు. ఎన్ని రోజులు? ఇంగ్లండు వాళ్ళు ఐదు రోజులు పెట్టుకున్నారు. వాళ్ళ నదులు చిన్నవి, నీళ్ళు ఐదు రోజుల్లో సముద్రం చేరిపోతాయి కాబట్టి ఆ లెక్క అని చెబుతారు. వేడి 20 డిగ్రీలు. అది వాళ్ళ దేశపు వాతావరణం. మన దేశంలో ఈ పరీక్ష 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు చేస్తాం. మన వేడికి సూక్ష్మజీవులు తొందరగా తింటాయి. ఇది విన్న రోజు నాకు ఒకటి తట్టింది. ఇంగ్లీషు పుస్తకంలో రాళ్ళ మీద చెక్కినట్టు కనిపించే ప్రమాణం కూడా ఏదో ఒక ఊరి వాగు చూసి ఎవరో పెట్టుకున్నదే. ఆ ఊరు మనది కాకపోతే దాన్ని మార్చుకోవచ్చు. మార్చాలంటే ముందు అది ఎలా పుట్టిందో తెలియాలి.

ఇక ఎకలాజికల్ ఇంజినీరింగ్ అనే మాట. ఇది కొత్త ఫ్యాషన్ కాదు. హోవార్డ్ ఓడమ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1960లలోనే ఈ మాట వాడాడు. కాంక్రీటు, యంత్రం తక్కువ పెట్టి ప్రకృతి తనంతట తాను చేసే పనిని మనకి అక్కరకొచ్చేలా నడిపించడం దాని అర్థం. మన దేశంలో దీనికి పెద్ద ఉదాహరణ కలకత్తా తూర్పున ఉంది. ఊరి మురుగు కాలువల ద్వారా లోతులేని చెరువుల్లోకి వెళ్తుంది. ఎండ పడి నాచు పెరుగుతుంది, నాచు ప్రాణవాయువు ఇస్తుంది, సూక్ష్మజీవులు మురికి తింటాయి, చేపలు పెరుగుతాయి. ఆ నీళ్ళే పొలాలకి పోతాయి. సుమారు 12,500 హెక్టార్లు. దీన్ని ఇంజినీర్లు కట్టలేదు. అక్కడి జాలర్లు, రైతులు తరతరాలుగా నడుపుతున్నారు. 1980లలో ధ్రువజ్యోతి ఘోష్ అనే ప్రభుత్వ ఇంజినీరు మురుగు ఎక్కడికి పోతోందో చూడమంటే కాలువ వెంట నడుచుకుంటూ వెళ్ళి దీన్ని చూశాడు. జాలర్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు, కొలిచాడు, రాశాడు. 2002లో అది రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలోకి ఎక్కింది. ఆయన రాయకముందూ ఆ చెరువులు పనిచేస్తూనే ఉన్నాయి. కానీ కాగితం మీద అవి ఖాళీ జాగా. ఖాళీ జాగా అంటే మేడలు కట్టుకోవచ్చు.

ఈ "ఖాళీ" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మన ఉద్దానం సంగతి చెప్పకుండా ఈ ప్రాంతంలో నీళ్ళ మాట ఎత్తలేం. కిడ్నీ జబ్బు మన ఇళ్ళల్లో కూడా ఉంది, తోటల్లో కూలికి దిగినవాళ్ళలో ఉంది. ఇలాంటి జబ్బే శ్రీలంకలో వరి పండే ప్రాంతంలోనూ, మధ్య అమెరికాలో చెరకు తోటల్లోనూ ఉంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచెయ్యడం అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఎవరైనా మీకు "ఇదొక్కటే కారణం" అని గట్టిగా చెప్తే వాళ్ళు ఏదో అమ్ముతున్నారని అనుకోండి. నేను ఈ కోర్సులో చేరినప్పుడు కారణం నేనే కనిపెడతానని హాస్టల్లో అందరికీ చెప్పుకున్నాను. ఇంజినీరు ఒక్కడి వల్ల అయ్యే పని కాదది. డాక్టరు, రసాయన శాస్త్రవేత్త, గణాంకాలు చూసేవాళ్ళు, అందరూ ఏళ్ళ తరబడి కూర్చోవలసిన పని. ఇంజినీరు చెయ్యగలిగింది మరొకటి ఉంది. కారణం తేలేలోపు మంచి నీళ్ళు ఇవ్వడం.

అదే చేశారు. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్ళని శుద్ధి చేసి గొట్టాల్లో ఉద్దానానికి తెచ్చే 700 కోట్ల పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కూడా ఆ రోజే. ఇచ్ఛాపురం, కంచిలి, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, మొత్తం ఏడు మండలాలు. మన నందిగాం ఆ ఏడింటిలో లేదు. నాకు దాని మీద కోపం లేదు, కానీ గొట్టం ఎక్కడ ఆగిందో అక్కడ ఎందుకు ఆగిందని అడగడం ఇంజినీరింగులో మొదటి పాఠం. ఇంకో మాట. హిరమండలంలో ఆ నీళ్ళు నిలబడటానికి ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పలాసలో గ్లాసు నీళ్ళు తాగేటప్పుడు అవి ఎవరి పెరట్లో నిలబడి వచ్చాయో గుర్తుంచుకోవాలి. ఈ చదువు చదివినవాడు రెండు చివరలూ చూడాలి.

ఇప్పుడు "ఖాళీ" దగ్గరికి వస్తాను.

సోంపేట బీల మీలో కొందరు చూసుంటారు. లోతులేని నీళ్ళు, గడ్డి, చేపలు, పక్షులు, చుట్టూ వరి. అక్కడ 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం పెడతామన్నారు. కాగితాల్లో ఆ బీల పనికిరాని నేల. రైతులూ మత్స్యకారులూ ఒప్పుకోలేదు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఒకే రోజు! అప్పీలుకి వెళ్ళినవాళ్ళు అది చిత్తడినేల అని కాగితాలతో, ఫొటోలతో చూపించారు. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ గారు వాళ్ళ వెనక నిలబడ్డారు. తరువాత ఏడాది, 2011 ఫిబ్రవరి 28న, మనకి ఇంకా దగ్గర్లో కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ ప్రాణాలు. అదీ బీలే, అదీ థర్మల్ కేంద్రమే. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా వచ్చే పెలికాన్లు, కొంగలు ఆ నౌపడ చిత్తడిలోనే మేత వెతుక్కుంటాయి.

ఒక నేలకి రిపోర్టులో ఏ పేరు పెట్టారన్నది చిన్న విషయం కాదని చెప్పడానికే ఇదంతా. ఆ రిపోర్టు ఎవరు రాస్తారు? మాలాంటివాళ్ళే. ఇక్కడే నా సంగతి చెప్పాలి. చెప్పడానికి నాలుగురోజులు వెనకాముందయ్యాను, మా పెద్దలు చెప్పమన్నారు.

2021లో బీటెక్ అయ్యాక నాకు ఒక నగరంలో కన్సల్టెన్సీలో ఉద్యోగం వచ్చింది. ప్రాజెక్టులకి పర్యావరణ ప్రభావ నివేదికలు తయారుచేసే ఆఫీసు. ఆఫీసు పేరు వదిలెయ్యండి. ఏప్రిల్‌లో నన్ను ఒడిశా సరిహద్దు దగ్గర ఒక కొండకి పంపారు. ఫారంలో భూమి ఎలాంటిదన్న గడి ఉంది. సాగు, అడవి, నివాసం, బంజరు. నాలుగే. ఎదురుగా కొండవాలు, నరికిన మోళ్ళు, అక్కడక్కడ చిగుళ్ళు, గడ్డి. సాయంత్రంలోపు ఇరవై చోట్ల చూసి రావాలి. నేను "బంజరు" అని టిక్కు పెట్టాను.

కిందికి దిగుతుంటే ఒక ముసలమ్మ చోడి అంబలి ఇచ్చింది. మన సవర మాట వినగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. "ఏటి రాసినావు బాబూ?" అని అడిగింది. ఆ మాట ఎలా చెప్పాలో తెలీక "ఖాళీ నేల అని రాశానమ్మా" అన్నాను. ఆమె తిట్టలేదు. కొండవైపు చూసి, "ఖాళీ ఏటి? పడుకుంది. మూడేళ్ళు పండింది కదా, అలిసిపోనాది. పడుకోనీ. మళ్ళీ లేస్తాది" అంది.

నేను పోడు చేసిన ఇంట్లో పుట్టినవాణ్ణి. పోడు నేలని కొన్నేళ్ళు వదిలేస్తారని, అప్పుడే చెట్టు మళ్ళీ మొలుస్తుందని నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నాలుగేళ్ళ చదువు ఒక గడిలో టిక్కు పెట్టేసరికి అది మర్చిపోయేలా చేసింది. చదువు చేసిందా, నేను చేశానా? నేనే చేశాను.

ఆఫీసుకి వెళ్ళి పైవాడితో చెప్పాను, ఇది బీడు పెట్టిన పోడు, మార్చాలి అని. ఫారంలో ఆ గడి లేదన్నాడు. కింద ఒక గమనిక రాద్దామన్నాను. చూద్దామన్నాడు. గమనిక రాలేదు. నేను ఉద్యోగం మానేశానని మీరు అనుకుంటున్నారు. మానలేదు. చెల్లి నర్సింగు ఫీజు నా జీతంలోంచే పోయేది. ఇంకో ఏడాదిన్నర అక్కడే పనిచేశాను. ఆ ప్రాజెక్టు వేరే కారణాలతో ఆగిపోయింది, నా టిక్కు వల్ల ఏ ఇల్లూ పోలేదు. కానీ ఆ ఫైలులో ఆ కొండ ఇప్పటికీ బంజరే. రేపు మరొకరు ఆ ఫైలు తీసి "ఇదివరకే సర్వే అయింది" అంటే నా సంతకం కనిపిస్తుంది.

అందుకే మీలో కొందరైనా ఈ చదువులోకి రావాలని అడుగుతున్నాను. మనవాడు వెళ్తే చాలు అన్నీ సరిగ్గా రాస్తాడని కాదు, నేను మనవాణ్ణే కదా. ఆ గదిలో మనవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా ఉంటే, ఒకడు టిక్కు పెట్టేటప్పుడు ఇంకొకడు చెయ్యి పట్టుకుంటాడని. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి మన సవర మాటలు పోగుచేసి 1938లో నిఘంటువు వేశారు. మన మాటకి అలా ఒక పుస్తకం ఉంది. మన నేలల పేర్లకి, పడుకున్న నేలకి, లేచిన నేలకి, ఏ సర్వే ఫారంలోనూ గడి లేదు. అది మీ పని.

ఇంజినీరు కాకపోయినా మీరు ఒకటి తెలుసుకోవచ్చు. 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టుకి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలంటే కనీసం ముప్పై రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. మీటింగంతా వీడియో తియ్యాలి. ఆ సారాంశం అడిగి తెచ్చుకోండి. ముందు భూమి వివరాల పేజీ తియ్యండి. ఏ నెలలో చూశారో చూడండి. గాలి, నీరు కొలతలు చాలా ప్రాజెక్టులకి వానాకాలం తప్పించి ఒక్క రుతువులోనే తీసుకుంటారు. మా ఊటని మే నెలలో ఒక్కసారే కొలిస్తే ఏం తెలుస్తుంది, అక్టోబరులో ఒక్కసారే కొలిస్తే ఏం తెలుస్తుంది? ఆ ప్రశ్న అడగడానికి డిగ్రీ అక్కర్లేదు.

ఇప్పుడు సీట్ల సంగతి, అమ్మానాన్నలు దీనికోసమే కూర్చున్నారు. నేరుగా ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో బీటెక్ ధన్‌బాద్ ఐఐటీలో ఉంది, ఢిల్లీ టెక్నలాజికల్ యూనివర్సిటీలో ఉంది. మైసూరు, అహ్మదాబాదుల్లోనూ ఆ కోర్సు నడిపే కాలేజీలున్నాయి. మన రాష్ట్రంలో చాలామందికి దారి సివిల్ గుండానే. ఈఏపీసెట్ రాసి సివిల్‌లో చేరి, తరువాత ఎంటెక్‌లో ఇటు తిరగొచ్చు. నేనూ అలాగే తిరిగాను. గేట్ పరీక్షలో 2021 నుంచి దీనికి విడిగా పేపరు వచ్చింది. కేంద్ర సంస్థల్లో ఎస్టీ సీట్లు ఏడున్నర శాతం, రాష్ట్రంలో ఆరు శాతం. ఐఐటీల్లో మన పిల్లలకి ట్యూషన్ ఫీజు ఉండదు. కులధ్రువీకరణ పత్రం మాత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి. సీటు వచ్చాక దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి సీటు పోగొట్టుకున్న పిల్లాడు నాకు తెలుసు.

ఉద్యోగాలు? కంప్యూటరు వాళ్ళంత జీతం మొదట్లో రాదు. కాలుష్య నియంత్రణ మండలిలో, గ్రామీణ నీటి సరఫరా శాఖలో, పురపాలక సంఘాల్లో, ఫ్యాక్టరీల శుద్ధి ప్లాంట్లలో, కన్సల్టెన్సీల్లో పని ఉంటుంది. ప్రభుత్వ నోటిఫికేషన్ కోసం ఏళ్ళు ఎదురుచూడాల్సి రావచ్చు. ఇంటికి డబ్బు వెంటనే పంపాల్సినవాళ్ళు ఇది ఆలోచించుకుని రండి. కన్సల్టెన్సీలో చేరితే మొదటి నెలలోనే మీకొక ఫారం ఇస్తారు, దాంట్లో నాలుగు గడులుంటాయి. నేను చెప్పింది అప్పుడు గుర్తుకొస్తే చాలు.

మొక్కల సంగతి బాకీ ఉన్నాను కదా చెల్లీ. మా తొట్టె నీళ్ళని దాచింది, పెంచలేదు. మే నెలలో ఇప్పటికీ తలకి నలభై లీటర్లే. పెంచాలంటే ఊట పైనున్న వాలులో వాన నీళ్ళు ఇంకాలి. సిక్కింలో 2008 నుంచి ధారా వికాస్ అని ఒక పథకంలో ఇలాగే వాలుకి అడ్డంగా కందకాలు తవ్వి, చెట్టు పెంచి, ఎండిపోతున్న ఊటలకి ప్రాణం పోశారు. మేమూ తవ్వుదామంటే, ఆ వాలు మా పెదనాన్న పోడు. ఇప్పుడు పడుకుని ఉంది. కందకాలు పడితే తనకి నేల తగ్గిపోతుందని ఆయన భయం. ఆయన భయం తప్పని నేను అనలేను, అది ఆయన తిండి. కందకం ఎంత వెడల్పు, ఎన్ని వరసలు, గట్టు మీద జీడి పెట్టుకుంటే ఆయనకేం వస్తుంది, కొండచీపురు పెట్టుకుంటే ఏం వస్తుంది అని కూర్చుని లెక్క కడుతున్నాం. రెండేళ్ళుగా కడుతున్నాం. ఇంకా ఒప్పుకోలేదు.

రేపు పొద్దున ఆరింటికి మళ్ళీ కొలుస్తాను. రాత్రికి ఇక్కడే ఉండేవాళ్ళు రావచ్చు, గంట నడక. ఎవరి దగ్గరైనా ఇరవై లీటర్ల బకెట్టు ఉంటే తెండి. మాది అడుగు పగిలింది.